తెలుగు సినిమా రివ్యూల సొంత సైట్ నడపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మధ్య రివ్యూల గురించి కంటే సైట్ ఎలా నడుపుతున్నావు, మేమూ పెడదామనుకుంటున్నాం ఏం వాడాలి అనే మెయిల్సే ఎక్కువ వస్తున్నాయి, అందుకని జవాబులన్నీ ఒకచోట పెడుతున్నా. ఇవి తెలుగులో, తెలుగు సినిమాల గురించి, ఒక్క మనిషి నడిపే సైట్‌కి పనికొచ్చే మాటలు. టీమ్ పెట్టుకుని రోజంతా న్యూస్ వేసే సైట్ల లెక్క వేరు.

యూట్యూబ్, ఇన్‌స్టా ఉండగా ఇంకా వెబ్‌సైట్ ఎందుకండీ?

బాగా మాట్లాడగలిగినవాళ్లు వీడియోలు చేయాలి, నేనూ చూస్తా. కానీ నా దృష్టిలో రివ్యూ అంటే టికెట్ కొనాలా వద్దా అని చెప్పేది మాత్రమే కాదు, ఫలానా సినిమా వచ్చిన వారం జనం దాన్ని ఎలా చూశారు అన్నదానికి రికార్డు కూడా. ఆ రికార్డు పదేళ్ల తర్వాత వెతికినా అదే అడ్రస్‌లో, అదే మాటలతో దొరకాలి. వేరేవాళ్ల ప్లాట్‌ఫామ్ మీద రాసుకుంటే ఆ భరోసా లేదు. ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చిన జియోసిటీస్‌ని 2009 అక్టోబర్‌లో మూసేశారు, ఆర్కుట్‌ని 2014 సెప్టెంబర్ 30న మూసేశారు, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. ఆర్కుట్‌లో హీరోల కమ్యూనిటీల్లో ఫస్ట్ షో చూసొచ్చి రాత్రికి రాత్రి రాసిన టాక్‌లు ఎలా ఉండేవో అప్పట్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఇప్పుడు వెతికి చూడండి ఏం దొరుకుతుందో. రాసినవాళ్ల తప్పేమీ లేదు, చోటు వాళ్లది కాదు అంతే.

అందుకే సోషల్ మీడియాలో లింక్ పెట్టండి, ముక్క పెట్టండి, అసలు రివ్యూ మాత్రం మీ డొమైన్ మీదే, అంటే మీ పేరు మీద కొనుక్కున్న వెబ్ అడ్రస్ మీదే ఉంచండి.

మొదట్లో తెలుగులో ఎలా టైప్ చేసేవాళ్లు? ఆ పాత పేజీలు ఇప్పుడు తెరుచుకుంటాయా?

ఇది అడిగేది ఎక్కువగా పాతికేళ్ల లోపు వాళ్లే, వాళ్లకి ఫోన్ కొన్న రోజు నుంచే తెలుగు కీబోర్డ్ ఉంది కాబట్టి నమ్మశక్యంగా ఉండదు. 90ల్లో యూజ్‌నెట్ న్యూస్‌గ్రూపుల్లో, అంటే అప్పటి నెట్ చర్చా వేదికల్లో, తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాసేవాళ్లు, దానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది. తర్వాత వెబ్‌సైట్లు వచ్చాక ఎవరి ఫాంట్ వాళ్లది, ఒక్కో పేపర్‌కి ఒక్కో ఫాంట్, అది దించుకుని ఇన్‌స్టాల్ చేయకపోతే స్క్రీన్ మీద పిచ్చి గుర్తులు కనపడేవి. తెలుగు మేటర్‌ని బొమ్మగా మార్చి పెట్టినవాళ్లూ ఉన్నారు. సినిమా సైట్లు ఎక్కువ శాతం ఇంగ్లీష్‌లో మొదలవడానికి ఇదొక కారణం, 1999లో వచ్చిన ఐడిల్‌బ్రెయిన్ కూడా ఇంగ్లీషే.

అన్ని భాషల అక్షరాలకీ ఉమ్మడి కోడ్ అయిన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది కానీ మామూలు జనం కంప్యూటర్‌లోకి వచ్చింది విండోస్ ఎక్స్‌పీతో, అందులో గౌతమి ఫాంట్ ఉండేది. అదీ ఊరికే రాదు, కంట్రోల్ పానెల్‌లోకి వెళ్లి రీజినల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అని ఒక టిక్ పెట్టాలి, పెడితే ఎక్స్‌పీ సీడీ వేయమని అడుగుతుంది. నెట్ సెంటర్‌లో ఆ సీడీ ఎవరిస్తారు? అందుకని అప్పట్లో ప్రతి తెలుగు సైట్‌లోనూ పైన "తెలుగు కనపడట్లేదా? ఇక్కడ నొక్కండి" అని ఒక లింక్ ఉండేది. టైపింగ్‌కి లేఖిని అనే వెబ్‌సైట్ వచ్చాక మాత్రం చాలామందికి దారి దొరికింది, ఎడమవైపో పైనో ఇంగ్లీష్ అక్షరాల్లో కొడితే పక్కనే తెలుగు వచ్చేది, కాపీ చేసుకోవడమే.

ఫోన్లలో ఇంకో గండం. మొదట్లో వచ్చిన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనపడేది. ఒపేరా మినీలో ఒక దాచిపెట్టిన సెట్టింగ్ పేజీ ఉండేది, అందులో కాంప్లెక్స్ స్క్రిప్టులకి బిట్‌మ్యాప్ ఫాంట్ అన్నదాన్ని ఆన్ చేస్తే తెలుగు బొమ్మలాగా వచ్చి చదవడానికి వీలయ్యేది, ఈ చిట్కా ఒకరి నుంచి ఒకరికి ఎంత పాకిందో చెప్పలేను.

ఇక పాత పేజీల సంగతి. యూనికోడ్‌లో రాసినవి ఇవాళ కూడా శుభ్రంగా తెరుచుకుంటాయి. ఆ సొంత ఫాంట్లతో చేసిన పేజీలు గూగుల్‌లో వెతికితే దొరకవు, ఎందుకంటే లోపల ఉన్నవి అసలు తెలుగు అక్షరాలే కాదు. మీ దగ్గర అలాంటి ఫైళ్లు ఉంటే కన్వర్టర్‌లో వేసి యూనికోడ్‌లోకి మార్చుకుని, ఒకసారి కూర్చుని చదివి ఒత్తులు సరిచేసుకోండి. మార్చిన తేదీ కాకుండా అసలు రాసిన తేదీనే పేజీ మీద వేయండి, ఇది ముఖ్యం.

బ్లాగర్, వర్డ్‌ప్రెస్, స్టాటిక్ సైట్, వీటిలో ఏది మంచిది?

మీకు వారానికి ఎంత టైమ్ ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. కోడ్ జోలికి పోను, రాయడం మాత్రమే కావాలి అంటే బ్లాగర్ ఇప్పటికీ పనిచేస్తుంది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, సొంత డొమైన్ తగిలించుకోవచ్చు. తగిలించుకోండి, అది మాత్రం మొదటి రోజే చేయండి. వర్డ్‌ప్రెస్‌లో సదుపాయాలు ఎక్కువ, కానీ అప్‌డేట్లు వదిలేస్తే హ్యాక్ అవుతుంది, మీ రివ్యూ పేజీలో ఎవరిదో మందుల యాడ్ వెలుస్తుంది. ప్లగిన్లు, అంటే బయటివాళ్లు రాసిన అదనపు ప్రోగ్రాములు, ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది, ముఖ్యంగా రేటింగ్ స్టార్స్ కోసం ప్లగిన్ పెట్టి రేటింగ్ అందులోనే దాచకండి, ఆ ప్లగిన్ రాసినాయన మానేసిన రోజు మీ రేటింగులన్నీ గల్లంతవుతాయి. మాటల్లో కూడా రాయండి, "5కి 3" అని.

నా ఓటు స్టాటిక్ సైట్‌కి. దాన్ని తయారుచేయడానికి హ్యూగో, జెకిల్ లాంటి టూల్స్ ఉన్నాయి, ప్రతి రివ్యూ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఉంటుంది, దాన్నుంచి పేజీ తయారవుతుంది. డేటాబేస్ లేదు, హ్యాక్ చేయడానికి పెద్దగా ఏమీ లేదు. రేపు ఈ టూల్ పోయినా నా ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. నేర్చుకోవడానికి మొదట్లో ఒకటి రెండు వీకెండ్లు పోతాయి, ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఏది పట్టుకున్నా సరే అడ్రస్ మారకూడదు. ఇల్లు మారినా ఫోన్ నంబర్ అదే ఉంటే చుట్టాలకి ఇబ్బంది ఉండదు కదా, డొమైన్ కూడా అంతే.

ఖర్చెంత?

డాట్ కామ్ డొమైన్ ఏడాదికి వెయ్యి రూపాయలకి కాస్త అటూ ఇటూ. మొదటి ఏడాది ఆఫర్ చూసి మోసపోకండి, రెన్యువల్ ధర చూసుకోండి. బ్లాగర్, గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట్ల హోస్టింగ్, అంటే సైట్‌ని నెట్‌లో ఉంచే చోటు, ఉచితం. ఆటో రెన్యువల్ ఆన్ చేసి, కార్డ్ ఎక్స్‌పైర్ అయ్యే నెల గుర్తుపెట్టుకోండి.

పేజీ అడ్రస్‌లో తెలుగు అక్షరాలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, బ్రౌజర్‌లో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే చాలాసార్లు పర్సెంట్ గుర్తులతో కొండవీటి చాంతాడంత అవుతుంది. యూనికోడ్‌ని కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, ఒక్కో బైట్‌కి అడ్రస్‌లో 3 క్యారెక్టర్లు, అంటే "తెలుగు" అనే ఒక్క మాట, గుణింతాలతో కలిపి 6 గుర్తులు, 54 క్యారెక్టర్లు అవుతుంది. వాట్సాప్‌లో అలాంటి లింక్ చూస్తే ఏదో వైరస్ అనుకుని ఎవరూ నొక్కరు. అందుకని సినిమా పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టి, పక్కన సంవత్సరం తప్పకుండా వేయండి. మనవాళ్లకి పేర్లు మళ్లీ మళ్లీ వాడటం అలవాటు, తొలిప్రేమ 1998లో ఒకటి 2018లో ఒకటి, ఖుషి 2001లో ఒకటి 2023లో ఒకటి. సంవత్సరం లేకపోతే రెండో సినిమా వచ్చినప్పుడు మొదటిదాని అడ్రస్ కదపాల్సి వస్తుంది, కదిపితే పాత లింకులన్నీ చచ్చిపోతాయి.

ఫోన్‌లో ఒత్తులు తెగిపోయి కనపడుతున్నాయి, ఏం చేయాలి?

థీమ్‌లు, అంటే సైట్‌కి వాడే రెడీమేడ్ డిజైన్లు, ఇంగ్లీష్ అక్షరాల కొలతతో చేసినవి కదా, లైన్ల మధ్య ఖాళీ తక్కువ ఉంటుంది. "రాష్ట్రం"లో కింద రెండు ఒత్తులు ఉన్నాయి, అవి కింద లైన్ మీదకి దిగుతాయి లేదా హెడ్డింగ్ బాక్స్‌లో సగానికి కోసుకుపోతాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచండి, లెటర్ స్పేసింగ్ సున్నా చేయండి, సగం సమస్య పోతుంది. ఫాంట్ విషయానికొస్తే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, నోటో సాన్స్ తెలుగు చదవడానికి హాయిగా ఉంటాయి, రామభద్ర లావుగా ఉంటుంది కాబట్టి హెడ్డింగులకి బాగుంటుంది.

తెలుగుని కంపెనీలు సరిగ్గా పరీక్షించకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో చూశాం. "జ్ఞా" అనే అక్షరం ఒక రకంగా టైప్ చేసి పంపితే ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లే క్రాష్ అయ్యేవి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో దాన్ని సరిచేసింది. కాబట్టి మీ పేజీని పబ్లిష్ చేసే ముందు ఒక తక్కువ ధర ఆండ్రాయిడ్‌లో, ఒక ఐఫోన్‌లో తెరిచి చూడండి.

పాత రివ్యూలో రేటింగ్ మార్చొచ్చా? ఇప్పుడు ఆ సినిమా క్లాసిక్ అంటున్నారు కదా

మార్చకండి. దయచేసి మార్చకండి.

ఆరెంజ్ చూడండి, 2010 నవంబర్‌లో వచ్చినప్పుడు ఆడలేదు. 2023 మార్చిలో రీ రిలీజ్ చేస్తే కుర్రాళ్లు హాళ్లు నింపేశారు, పాటలకి మొత్తం థియేటర్ లేచి పాడింది. ఈ రెండూ నిజమే. 2010లో రాసిన రివ్యూ ఆ నవంబర్‌లో జనానికి ఏం నచ్చలేదో చెప్తుంది, దాన్ని ఇప్పుడు దిద్దితే ఈ మార్పు ఎంత పెద్దదో చూపించడానికి సాక్ష్యమే ఉండదు. 2022 ఆగస్టులో పోకిరి స్పెషల్ షోలు పడ్డాక రీ రిలీజులు ఊపందుకున్నాయి, అప్పటి నుంచి పాత రివ్యూలకి కొత్త పాఠకులు వస్తున్నారు, అదీ సినిమా వచ్చినప్పుడు ఒకటో తరగతిలో ఉన్నవాళ్లు. వాళ్లకి అప్పటి మాట అప్పటిలాగే దొరకాలి.

మీ అభిప్రాయం మారితే తప్పులేదు, కింద ఇవాళ్టి తేదీ వేసి ఇంకో పేరా రాయండి, లేదా రెండో రివ్యూ కొత్త పేజీలో రాసి రెండిటినీ లింక్ చేయండి. స్పెల్లింగ్ తప్పులు, నటుల పేర్లు మాత్రం ఎప్పుడైనా సరిదిద్దొచ్చు.

పోస్టర్లు, స్టిల్స్, ట్రైలర్లు వాడుకోవచ్చా?

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో విమర్శకి, సమీక్షకి ఫెయిర్ డీలింగ్ అనే వెసులుబాటు ఉంది. రివ్యూతో పాటు ఒక పోస్టర్, ప్రెస్‌కి ఇచ్చిన ఒకటి రెండు స్టిల్స్ వరకు ఇబ్బంది పెద్దగా ఉండదు, పాట మొత్తం, సీన్ మొత్తం ఎక్కిస్తే అది సమీక్ష అనిపించుకోదు. థియేటర్‌లో ఫోన్ తీసి రికార్డ్ చేయడం అసలే వద్దు, 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక దానికి 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా కనీసం 3 లక్షలు, పైన ప్రొడక్షన్ ఖర్చులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. "టైటిల్ కార్డు ఒక్కటే కదా" అనేవాళ్లు ఉన్నారు, వద్దు.

టెక్నికల్‌గా చెప్పాలంటే బొమ్మల్ని మీ సర్వర్‌లోనే పెట్టుకోండి. 2017లో ఫోటోలు దాచుకునే ఫోటోబకెట్ అనే సైట్, బయట సైట్లలో ఫోటోలు చూపించడానికి ఏడాదికి 399 డాలర్లు అడిగినప్పుడు ప్రపంచం మొత్తం మీద పాత పేజీల్లో బొమ్మలు మాయమయ్యాయి. ట్రైలర్ ఎంబెడ్, అంటే వేరే సైట్ వీడియోని మీ పేజీలో చూపించడం, కూడా నమ్మకం లేనిదే, హక్కులు చేతులు మారితే వీడియో ప్రైవేట్ అవుతుంది, ఫ్లాష్ కాలం నాటి ఎంబెడ్‌లైతే 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ఆగిపోయాక ఖాళీ డబ్బాలే. ట్రైలర్‌లో ఒక షాట్ గురించి మాట్లాడుతుంటే ఆ షాట్‌ని మాటల్లో వర్ణించండి, వీడియో పోయినా పేరా నిలబడాలి.

సైట్ తెరిస్తే "సురక్షితం కాదు" అని వస్తోంది, హ్యాక్ అయిందా?

కాదు. 2018 జూలై నుంచి క్రోమ్ హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య రహస్య కనెక్షన్) లేని సైట్లన్నిటికీ అలా చూపిస్తోంది. దానికి కావాల్సిన సర్టిఫికెట్‌ని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగుల్లో ఒక బటన్ నొక్కితే చాలు. తర్వాత పాత పేజీల్లో బొమ్మల లింకులు ఇంకా పాత పద్ధతిలో ఉంటే కొన్ని లోడ్ కావు, అవి వెతికి మార్చుకోవాలి.

ఫస్ట్ షో అవ్వగానే రివ్యూ పెట్టాలా? లేకపోతే ఎవరూ చదవరేమో

అమెరికా ప్రీమియర్లతోనే ఆ పోటీ అయిపోయింది. అక్కడ ముందురోజు సాయంత్రం షో పడితే ఇక్కడ తెల్లారేసరికి టాక్ వచ్చేస్తుంది, మార్నింగ్ షోకి క్యూలో ఉన్నవాడికి రేటింగ్ ముందే తెలుసు. ఆ పరుగులో ఒక్క మనిషి గెలవలేడు, గెలవాల్సిన పని కూడా లేదు. నేను మామూలుగా ఫస్ట్ షో జనంతో ఒకసారి చూసి, ఆదివారం ఫ్యామిలీలతో నిండిన షో వీలైతే ఇంకోసారి చూసి రాస్తా. రెండు హాళ్లూ వేర్వేరు సినిమాలు చూసినట్టు ఉంటుంది ఒక్కోసారి. పైగా ఇప్పుడు చాలా సినిమాలు నాలుగైదు వారాలకే ఓటీటీలోకి వస్తున్నాయి, ఆ రోజు మళ్లీ కొత్తగా చదివేవాళ్లు వస్తారు, వాళ్లకి సెకండాఫ్ గురించి వివరంగా మాట్లాడే రివ్యూ కావాలి. స్పాయిలర్ ఉంటే మాత్రం ముందే ఒక లైన్‌లో చెప్పండి.

డబ్బులొస్తాయా? పెయిడ్ రివ్యూ అడిగితే ఏం చేయాలి?

హోస్టింగ్ ఖర్చు రావొచ్చు, ఇల్లు గడవదు. 2018 చివర్లో గూగుల్ యాడ్స్ వేసి డబ్బులిచ్చే యాడ్‌సెన్స్ తెలుగుకి అధికారికంగా సపోర్ట్ ఇచ్చింది, అందాకా తెలుగులో రాసేవాళ్లకి ఆ దారి కూడా లేదు. పేజీ నిండా యాడ్స్ పెట్టి చదివేవాళ్లని విసిగించకండి.

రేటింగ్ పెంచమని, రెండు రోజులు ఆగి పెట్టమని అడిగేవాళ్లు ఉంటారు, మర్యాదగా కాదనండి. ఎవరైనా టికెట్ ఇచ్చినా, ప్రెస్ షోకి పిలిచినా, డబ్బులిచ్చినా పేజీలో పైనే చెప్పాలి, 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన గైడ్‌లైన్స్ కూడా ప్రచారానికి ప్రతిఫలం తీసుకుంటే స్పష్టంగా, ప్రచారం చేసిన భాషలోనే బయటపెట్టాలనే అంటున్నాయి. నేనైతే టికెట్ కొనుక్కునే చూస్తా, అదే సుఖం.

కామెంట్లు ఉంచాలా, తీసేయాలా?

పెద్ద హీరో సినిమా వారం మాత్రం మూసేయండి. ఆ నాలుగు రోజులు వచ్చేది సినిమా గురించి కాదు, హీరోల గురించి, వాళ్ల కులం గురించి, ఇంట్లోవాళ్ల గురించి. మిగతా రోజుల్లో ఆమోదించి వేయండి. మెయిల్స్‌లో వచ్చే మంచి జవాబుల్ని రాసినవాళ్లని అడిగి రివ్యూ కింద చేరుస్తా, ఒకాయన ప్రొజెక్షన్ గురించి రాసిన ఉత్తరం అసలు రివ్యూ కంటే బాగుంటుంది.

పాఠకులకి కొత్త రివ్యూ వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఆర్‌ఎస్‌ఎస్ ఇంకా ఉందా?

ఉంది, పెట్టండి. సైట్‌లో కొత్త పోస్ట్ రాగానే చదివేవాళ్ల యాప్‌కి చేరవేసే ఫీడ్ ఇది. 2013 జూలై 1న ఆ ఫీడ్లు చదివే గూగుల్ రీడర్‌ని మూసేశాక చాలామంది ఆర్‌ఎస్‌ఎస్ చచ్చిపోయిందనుకున్నారు, అది ఒక యాప్ పోవడమే. అంతకుముందు కూడలి, జల్లెడ లాంటి చోట్ల అన్ని తెలుగు సైట్ల కొత్త పోస్టులూ ఒకేచోట కనపడేవి, ఒకరినొకరు అలాగే చదువుకున్నాం. ఇప్పుడు ఎక్కువ మంది వాట్సాప్ నుంచే వస్తున్నారు. లింక్ పంపితే సినిమా పేరు, బొమ్మ సరిగ్గా రావాలి, దానికి పేజీలో ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు, అంటే పేరు, బొమ్మ ఏవో చెప్పే కోడ్ లైన్లు, పెట్టాలి, పోస్టర్ ఫైల్ చిన్న సైజులో ఉండాలి, లేకపోతే వట్టి లింక్ కనపడుతుంది. సినిమా పేరు ఇంగ్లీష్‌లో రెండు మూడు స్పెల్లింగులతో వెతుకుతారు కాబట్టి పేజీలో ఒకచోట అవీ ఉండనివ్వండి.

గూగుల్ ఏఐనే జవాబు చెప్పేస్తోంది, ఇక సైట్ ఎవరు చూస్తారు?

సెర్చ్ ఫలితాల పైనే ఏఐ రాసిన జవాబు చూపించే ఏఐ ఓవర్‌వ్యూస్ 2024 ఆగస్టులో ఇండియాకి వచ్చింది. "సినిమా ఎలా ఉంది", "రన్‌టైమ్ ఎంత", "ఏ ఓటీటీలో ఉంది" లాంటివాటికి ఇక క్లిక్ ఆశించకండి, అవి పైనే దొరికిపోతాయి. కథ సారాంశం నాలుగు పేరాలు, నటీనటులు బాగా చేశారు, సంగీతం పర్వాలేదు, ఎడిటింగ్ ఇంకాస్త ఉండాల్సింది, ఈ అచ్చులో పోసే రివ్యూలకి ఇక చోటు లేదు, నాకైతే దానికి బాధ కూడా లేదు.

మెషీన్‌కి దొరకనిది హాల్లో ఉంటుంది. "ఇంటర్వెల్ ఫైట్‌కి పేపర్లు ఎగిరి ప్రొజెక్టర్ వెలుగు కనపడలేదు, సెకండాఫ్ మొదలైన పావుగంటకి ముందు వరసలో ఒక్కొక్కటిగా ఫోన్ స్క్రీన్లు వెలిగాయి, తండ్రీ కొడుకుల సీన్‌కి మళ్లీ అన్నీ ఆరిపోయాయి." ఈ మూడు ముక్కలు సినిమా ఎక్కడ పట్టుకుందో ఎక్కడ వదిలేసిందో చెప్తాయి, ఆ షోలో కూర్చున్నవాళ్లే రాయగలరు. అది రాయండి.

ఏఐ కోసం పేజీలు లాక్కెళ్లే బాట్ల సంగతి అంటారా, సైట్‌లో వాటికి సూచనలిచ్చే రోబోట్స్ ఫైల్‌లో జీపీటీబాట్, గూగుల్-ఎక్స్‌టెండెడ్ లాంటి పేర్లు రాసి వద్దని చెప్పొచ్చు, నేను చెప్పా. గూగుల్-ఎక్స్‌టెండెడ్‌ని ఆపినా సెర్చ్‌లో మీ పేజీ ఉంటుంది, అలాగే ఏఐ ఓవర్‌వ్యూస్ నుంచి కూడా తప్పుకోదు, ఇది తెలిసి చేయండి. రివ్యూని ఏఐతో రాయించొచ్చా అని కూడా అడుగుతున్నారు, సినిమా చూసింది మీరైతే రాయాల్సింది మీరే. అచ్చుతప్పులు పట్టించుకోవడానికి వాడుకుంటే సరే.

బ్యాకప్ ఎలా?

మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి మీ ఇంట్లో. వర్డ్‌ప్రెస్ వాళ్లు ఎక్స్‌పోర్ట్ తీసి వదిలేయకండి, ఆ ఫైల్‌ని ఒకసారి తెరిచి తెలుగు తెలుగులాగే ఉందో లేదో చూడండి. పాత డేటాబేస్‌లో క్యారెక్టర్ సెట్ తప్పుగా ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకం అయిపోవచ్చు, ఒకసారి అలా సేవ్ అయ్యాక తిరిగి తెలుగు చేయడానికి ఏ దారీ లేదు. సర్వర్ మార్చే ముందు డేటాబేస్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8-ఎంబీ4 అని ఉందో లేదో హోస్టింగ్ వాళ్లని అడగండి. కొత్త రివ్యూ పెట్టిన ప్రతిసారీ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో పేజీని సేవ్ చేయండి, లింక్ పేస్ట్ చేసి బటన్ నొక్కడమే.

ఈ వారమే మొదలుపెడతా, ముందు ఏం చేయాలి?

డొమైన్ కొనండి, అందులో హీరో పేరో ట్రెండింగ్ మాటో కాకుండా ఇరవై ఏళ్లు చెప్పుకోగలిగే పేరు పెట్టండి. శుక్రవారం సినిమాకి వెళ్లండి, వచ్చాక రాయండి, పైన ఏ ఊరు ఏ థియేటర్ ఏ షో అని వేయండి. డిజైన్ సంగతి రెండో నెల చూసుకోవచ్చు. పెట్టాక లింక్ పంపండి, చదువుతా, నా సైట్‌లో మిగతా రివ్యూ సైట్ల జాబితా ఉంది, అందులో చేరుస్తా.